‘బ’కి రెండు కొమ్ములు

హాస్టల్, మేడమీది గది
జూన్ మొదటివారం

పిన్నీ,

నేను పంపిన మెయిళ్లలో ఒక్కదానికీ జవాబు లేదు. ఫోన్ చేస్తే వెనకాల మిషన్ల మోత, ముందర నువ్వు "ఆ... ఊ... బాగానే ఉన్నానే, తిన్నావా" అనడం. ఆ మాత్రానికి ఫోనెందుకు? అందుకే కాగితం, కలం తీశాను. ఇప్పుడు తప్పించుకో చూద్దాం.

క్లాసులు మొదలయ్యాయి. మా భాష మేడమ్ మొదటిరోజే ఓ పని చెప్పింది. ఎవరికి నచ్చిన మాట వాళ్లు ఎంచుకుని, వారమంతా దాని వెంటపడాలట. అందరూ ప్రేమ, స్వేచ్ఛ, వెన్నెల అని రాసుకున్నారు. నేను ‘మద్దతు’ అని రాశాను. మేడమ్ కళ్లజోడు పైకి తోసి, "ఎన్నికల్లో ఏమైనా నిలబడుతున్నావా?" అంది. క్లాసంతా నవ్వారు.

ఆ మాట నీ కంప్యూటర్ దగ్గర దొరికిందని వాళ్లకేం తెలుసు? సెలవుల్లో నీ పక్కన కూర్చున్నప్పుడు, అది తెరుచుకోగానే ఇంగ్లీషులో ఓ డబ్బా వచ్చేది, ఈ సిస్టమ్‌కి మద్దతు ముగిసిందని. నువ్వు చదవకుండానే ఓకే నొక్కేదానివి, ఈగను తోలినట్టు. అప్పటినుంచీ నాకు అదే ధ్యాస. మద్దతు ముగియడం అంటే ఏమిటి? ఒరిగిన గోడకి పెట్టిన కర్ర తీసేస్తే, గోడ ఆ క్షణంలోనే పడిపోతుందా? లేకపోతే పడకుండా అలాగే నిలబడి ఉంటుందా, ఎవరూ ఆనుకోకుండా?

ఇది నా హోంవర్కు. దయచేసి జవాబు రాయి. కాగితం మీద.

నీ వాగుడుకాయ


ప్రెస్సు, వెనక గది
జూన్ చివర

వాగుడుకాయకి పిన్ని రాసేది,

ఉత్తరం చేరింది. నీ అక్షరాలు ఇంకా చీమలబారులాగే ఉన్నాయి. ఇంత చదువూ చదివి ‘ళ’కి మెలిక సరిగ్గా తిప్పడం రాలేదు. నాకు చేత్తో రాసే ఓపిక లేదు గనక కొట్టి, ప్రింటు తీసి పంపిస్తున్నాను. ఏమీ అనుకోకు.

మెయిళ్లు నేను చూడలేదు. చూసే వీల్లేదు. నా సిస్టమ్‌కి నెట్ వైరు పీకేశారు. ఇది చిన్న ఓనరు పని. పెద్దాయన పోయాక ఇప్పుడు కొడుకే కుర్చీలో కూర్చుంటున్నాడు. మంచివాడే, మర్యాదగానే చెప్పాడు. "ఆంటీ, దీన్ని తయారుచేసినవాళ్లే వదిలేశారు. ఇక లోపాలు సరిచెయ్యరు, వైరస్ వస్తే అడ్డుకోరు. నెట్‌లో పెట్టామంటే తలుపు తీసిపెట్టి నిద్రపోవడమే" అన్నాడు. సరే నాయనా, మూసెయ్ అన్నాను. అందుకని నేనూ, ఈ సిస్టమూ గదిలో పడి ఉన్నాం. బయటి గాలి ఇద్దరికీ లేదు.

మద్దతు ముగిసిందని అది రోజూ చెప్పేమాట నిజమే. నాకు నవ్వొస్తుంది. నాకు మద్దతు ఎప్పుడు మొదలైందని ముగియడానికి?

కొత్తదాని మీదికి మారిపొమ్మని అందరూ అంటున్నారు. వింటుంటే ఎంత తేలికో! నేను ఇందులో కొట్టిన తెలుగు కొత్తదాంట్లో తెరిస్తే తెలుగు కాదే. ఇంగ్లీషు ముక్కలు, చుక్కలు, గీతలు. మా పాత ఫాంటులో తెలుగు అక్షరాన్ని బొమ్మలాగా తీసుకొచ్చి ఇంగ్లీషు అక్షరం కుర్చీలో కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే కూర్చున్నవాళ్లు మాయమై కుర్చీలు మిగులుతాయి. పైగా మీటలన్నీ వేరు. ఒకప్పుడు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చాను. ఏ గడిలో ఏ అక్షరం ఉందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. తర్వాత ఈ సిస్టమ్ వచ్చింది, మళ్లీ నేర్చుకున్నాను. మూడోసారి అ ఆలు దిద్దమంటే నాకు విసుగొస్తోంది.

ఇదంతా నా సంగతి. అసలు బాధ మాస్టారి పదకోశం. ఆయన బడి నుంచి దిగిపోయినప్పటి నుంచీ కూడబెట్టిన మాటలన్నీ ఇందులోనే ఉన్నాయి. నేనే కొట్టాను. చిన్న ఓనరు ఈ ఏడాది చివరికల్లా పాత సిస్టమ్ తీసేస్తానంటున్నాడు. "ఈలోగా ఆ పుస్తకం కొత్తదాంట్లోకి వస్తే వేద్దాం ఆంటీ. రాకపోతే మాస్టారికి నచ్చజెప్పండి" అన్నాడు. పుస్తకం ఆగితే నా కుర్చీ కూడా ఆగినట్టే అని ఆయన అనలేదు. అనకపోయినా అర్థమైంది.

నీ హోంవర్కుకి జవాబు: గోడ వెంటనే పడదు. అలవాటు మీద నిలబడి ఉంటుంది.

నేను బాగానే ఉన్నాను.

పిన్ని


హాస్టల్, మేడమీది గది
జూలై

పిన్నీ పిన్నీ,

"అలవాటు మీద నిలబడి ఉంటుంది" అన్న నీ వాక్యం క్లాసులో చదివాను. మేడమ్ మళ్లీ చదవమంది. ఎవరు రాశారని అడిగితే మా పిన్ని, ప్రెస్సులో తెలుగు కొడుతుంది అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా కాలేజీ ల్యాబులో ఓ ప్రోగ్రామ్ ఉంది. పాత ఫాంటులో కొట్టినదాన్ని కొత్త పద్ధతిలోకి మార్చేస్తుంది. కుర్చీల్ని చూసి, ఏ కుర్చీలో ఎవరు కూర్చునేవారో కనిపెట్టి వెనక్కి పిలుస్తుందన్నమాట (నీ పోలికే వాడుకున్నాను, నాకు బాగా నచ్చింది). నువ్వు ఫైళ్లు పంపిస్తే చాలు. కొత్త పద్ధతిలో ఇంకో వరం కూడా ఉంది. యంత్రానికి అక్షరం బొమ్మలా కాకుండా అక్షరంలాగే తెలుస్తుంది. వెతకమంటే వెతుకుతుంది, అకారాది క్రమంలో పెట్టమంటే తనే పెడుతుంది. మాస్టారు కాగితపు ముక్కలు నేలంతా పరుచుకుని, ఫ్యాన్ వెయ్యనివ్వకుండా కూర్చునేవారని చెప్పావే, ఆ తంటాలేవీ ఉండవు.

నాకు అది మార్చిపెట్టే పని ఇయ్యి. కూలి అక్కర్లేదు. మాస్టారి మాటలన్నీ ముందు నేను చదువుతాను, అదే నాకు జీతం.

నీ వాగుడుకాయ


ప్రెస్సు, వెనక గది
ఆగస్టు

వాగుడుకాయకి,

ఫైళ్లన్నీ సీడీలో రాసి దీంతోపాటు పంపాను. పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను గానీ కంప్యూటర్ డాక్టరు వద్దన్నాడు. అదే, మన రిపేర్లు చేసే అతను. "అమ్మా, మీ సిస్టమ్‌లో పురుగులు కాపురాలు పెట్టుకుని మనవల్ని కూడా ఎత్తుకుంటున్నాయి. దీని పెన్‌డ్రైవ్ బయట ఎక్కడ పెట్టినా తన్ని తరిమేస్తారు" అన్నాడు. మరి నాకు ఎలా పని చేస్తోంది అంటే, "మీకూ దానికీ అలవాటైపోయింది" అన్నాడు. 

సీడీ విరగకుండా రెండు అట్టల మధ్య పెట్టాను. జాగ్రత్త. ఇంకో కాపీ లేదని కాదు, ఆ కాపీ కూడా ఈ ముసలిదాంట్లోనే ఉంది. ఈ మధ్య తెరుచుకోవడానికి చాలాసేపు తీసుకుంటోంది. లోపల ఫ్యాను దగ్గుతోంది.

ముందు అచ్చుల భాగం ఒక్కటీ చేసి ప్రింటు పంపించు. అ నుంచి ఔ దాకా. మాస్టారు చూసి సరేనంటే మిగతాది.

ఈసారి ఉత్తరం చిన్నది. పని ఎక్కువగా ఉంది. నేను బాగానే ఉన్నాను.

పిన్ని


హాస్టల్, మేడమీది గది
సెప్టెంబరు

పిన్నీ,

అయిపోయింది! ఇదిగో అచ్చులు, అ నుంచి ఔ దాకా. ప్రింటు తీసింది మా ల్యాబు సారు. మొదట సీడీ చూసి ముక్కు చిట్లించాడు. "దీన్ని పెట్టే సొరుగు ఉన్న సిస్టమ్ ఒక్కటే మిగిలింది, అదీ చెప్పులు పెట్టుకునే చోట" అన్నాడు. తీరా చెప్పులు జరిపి చూస్తే పనిచేసింది.

నీ తెలుగు ఆ తెర మీద వరసగా లేచి నిలబడుతుంటే నాకు ఎలా అనిపించిందో చెప్పలేను. మొదటి మాట ‘అంకె’ అని వచ్చింది. అరిచేశాను. పక్కవాళ్లు ఉలిక్కిపడ్డారు.

అక్కడక్కడ ఒత్తులు తప్పాయి, కూర్చుని దిద్దాను. ఒక్కో మాటకీ ఆగిపోతూ చదివాను. ‘ఉలిపిరి’ దగ్గర ఎంతసేపు ఆగానో! అంత పల్చటి కాగితానికి అంత పల్చటి మాట ఎవరు పెట్టారు? మాస్టారికి నా నమస్కారాలు చెప్పు. క్రమంలో పెట్టే పని నేను చెయ్యలేదు, యంత్రమే చేసింది. హల్లులతో సహా మొత్తం ఒకేసారి మార్పించి క్రమంలో పెట్టించాను, ప్రింటు మాత్రం నువ్వన్నట్టు అచ్చులవరకే.

నీ ఉత్తరాలు రాన్రానూ చిన్నవవుతున్నాయి. ఎందుకు?

నీ వాగుడుకాయ


ప్రెస్సు, వెనక గది
సెప్టెంబరు చివర

అమ్మాయీ,

మాస్టారు వచ్చారు. నువ్వు పంపిన కాగితాలు ముందు గదిలో కూర్చుని చూశారు. మొదట సంతోషించారు. వేలుతో వరస తడుముకుంటూ వెళ్లి, ఒకచోట ఆగారు. వెనక్కి తిప్పారు, ముందుకి తిప్పారు.

"అమ్మా, ఊ తర్వాత ఎ వచ్చిందేం? ‘ఋ’ ఏది?"

లేదు. ఒక్క మాట కూడా లేదు. నేనూ వెతికాను, చిన్న ఓనరు కూడా వెతికాడు. ఋతువు లేదు, ఋజువు లేదు. పెద్ద భాగమేమీ కాదు, రెండు పేజీలు కూడా ఉండదు. కానీ ఆయన ముఖం చూడలేకపోయాను. గట్టిగా ఏమీ అనలేదు. "ఒక అచ్చే పోతే హల్లుల్లో ఎన్ని పోయాయో ఎవరు చెప్తారమ్మా? మొత్తం మళ్లీ మొదటినుంచి పోల్చి చూసే వయసు నాకు లేదు" అన్నారు. కాగితాలు బల్ల మీదే పెట్టి వెళ్లిపోయారు.

నీ తప్పేం లేదు. నేనే కొట్టేటప్పుడు ఎక్కడో జారవిడిచి ఉంటాను. కొట్టినట్టే గుర్తు. గుర్తుని నమ్మడానికి లేదు ఇప్పుడు.

పుస్తకం ఆపేయమని చిన్న ఓనరుతో నేనే చెప్పాను. వచ్చే నెలాఖరుకి నేనూ మానేస్తానన్నాను. ఆయన "తొందరెందుకు ఆంటీ" అన్నాడు గానీ వద్దని మాత్రం అనలేదు. మద్దతు ముగిసింది అనే డబ్బాకి ఇన్నాళ్లూ ఓకే నొక్కుతూ వచ్చాను కదా. ఇప్పుడు నిజంగానే ఓకే.

నువ్వు దీని గురించి మనసు పాడుచేసుకోకు. పరీక్షలు చూసుకో. నేను బాగానే ఉన్నాను.

పిన్ని


హాస్టల్, మేడమీది గది
అక్టోబరు

పిన్నీ,

ముందే చెప్పేస్తున్నాను, ఊపిరి పీల్చుకో. ‘ఋ’ పోలేదు. ఒక్క మాట కూడా పోలేదు. అన్నీ ఉన్నాయి. ‘బ’లో ఉన్నాయి!

నీ ఉత్తరం చదివి ఏడుస్తూనే ల్యాబుకి పరిగెత్తాను. అచ్చుల భాగం తెరిచి మొదటినుంచి చదువుకుంటూ వచ్చాను. ‘ఆమని’ దగ్గర అర్థం ఇలా ఉంది: వసంత ఋతువు. నా కళ్లతో చూశాను, ఋతువు కనిపిస్తోంది. వెతుకు అని యంత్రానికి చెప్పాను. ‘ఋతువు’ అనే మాట ఎక్కడా లేదంది. తెర మీద వేలు పెట్టి చూపించాను, ఇదిగో ఇక్కడ, గుడ్డిదానా, అని. లేదంటుంది. ల్యాబు సారు నన్ను వింతగా చూశాడు.

అప్పుడు ఆ ఒక్క అక్షరాన్ని చెరపడం మొదలుపెట్టాను. మీట ఒకసారి నొక్కితే ఋ మొత్తం పోవాలి కదా? పోలేదు. ఒక కొమ్ము పోయింది. మళ్లీ నొక్కితే ఇంకో కొమ్ము పోయింది. చివరికి మిగిలింది ఏమిటో తెలుసా?

బ.

నువ్వు ఋ కొట్టలేదు పిన్నీ. ‘బ’ కొట్టి రెండు కొమ్ములు తగిలించావు. కాగితం మీద అచ్చం ఋ లాగే ఉంటుంది. కళ్లకి తేడా తెలియదు. కానీ యంత్రం పైకి కనిపించేదాన్ని బట్టి కాదు, లోపలున్నదాన్ని బట్టి చదువుతుంది. దానికి అది బకి కొమ్మూ, ఇంకో కొమ్మూ. అందుకని క్రమంలో పెట్టమనగానే బుద్ధిగా తీసుకెళ్లి ‘బ’లో పెట్టింది. హల్లులు తెరిచి చూశాను. బుసకి, బూజుకి మధ్య ఉన్నారు అందరూ! ఋజువు, ఋణం, ఋతువు, ఋషి. పాపం ఋషిగారు పాము బుస పక్కన తపస్సు చేసుకుంటున్నారు.

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తర్వాత ఆలోచిస్తే భయం పోయింది. తెలుగులో బకి రెండు కొమ్ములున్న మాట ఒక్కటైనా ఉందా? లేదు. అంటే నువ్వు కట్టినచోట తప్ప అది ఇంకెక్కడా రాదు. రెండు కొమ్ముల ‘బ’ని చూసినచోటల్లా ఋ పెట్టు అని ఒక్కసారి చెప్పాను. పెట్టేసింది. మళ్లీ క్రమంలో వెయ్యమన్నాను. ఊ అయిపోగానే ఋ వచ్చి నిలబడింది. ప్రింటు ఇందులోనే పెట్టాను. మాస్టారి చేతికియ్యి. ఇదొక్కటే ఇలా జరిగిందని చెప్పు. మిగతా అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా వెతికించి చూశాను.

ఇంకో మాట. ఈ విషయం కనిపెట్టిన దగ్గర్నుంచీ నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్లీ చదివాను. ప్రతిదాంట్లోనూ చివర "నేను బాగానే ఉన్నాను" అని ఉంది. కాగితం మీద అచ్చంగా అలాగే కనిపిస్తోంది. అది కూడా రెండు కొమ్ముల ‘బ’యేనా పిన్నీ?

నీ వాగుడుకాయ


ప్రెస్సు
అక్టోబరు చివర

అమ్మాయీ,

ప్రింటు చేరింది. మాస్టారింటికి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఋ దగ్గర ఆగి, ఆ మాటలన్నీ పైకి చదివారు. నీ బుస, బూజు సంగతి చెబితే నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. పుస్తకం వేయమన్నారు.

మిగతాది తర్వాత రాస్తాను.

పిన్ని


హాస్టల్, మేడమీది గది
నవంబరు

పిన్నీ,

మిగతాది ఏదీ?

పుస్తకం సంగతి రాశావు. నీ సంగతి రాయలేదు. మానేశావా? ఆ సిస్టమ్ ఏమైంది? నేను అడిగినదానికి జవాబు రాలేదు. అమ్మకి ఫోన్ చేస్తే "మీ పిన్ని నాతో ఏం చెప్పిందని నీతో చెప్పడానికి? చిన్నప్పటినుంచీ అంతే, జ్వరమొస్తే గోడకి చెప్పుకునేది" అంది. అమ్మ గొంతు కూడా బాగోలేదు.

నాకు పెద్ద పెద్ద వాక్యాలేవీ అక్కర్లేదు. ఒక్క మాట, అసలుది.

నీ వాగుడుకాయ


ప్రెస్సు, ముందు గది
డిసెంబరు

వాగుడుకాయకి పిన్ని రాసేది,

ముందు గది అని చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. కొత్త సిస్టమ్ ఇక్కడే ఉంది. ఈ ఉత్తరం దాని మీదే కొడుతున్నాను. పొద్దుట మొదలుపెట్టాను, భోజనం వేళ అయింది. ఇదంతా చదవడానికి నీకు పట్టేంత సేపు ఒక్కో మాటకి నాకు పడుతోంది. తప్పులుంటే సర్దుకో.

ఆ ఋ సంగతి చెప్తాను. మా పాత ఫాంటులో ఋ మీట నొక్కితే తెర మీద కనిపించేది గానీ ప్రింటులో ఖాళీ డబ్బా పడేది. ఎవరికి చెప్పినా పట్టించుకోలేదు. సీసపు అక్షరాల రోజుల్లో ఏ అక్షరమైనా అరిగిపోతే పక్కవాటి ముక్కలతో కట్టుకునేవాళ్లం. అదే చేశాను. బ తీసుకుని రెండు కొమ్ములు పెట్టాను. ఒకసారి పెట్టాక వేళ్లు మళ్లీ అడగలేదు. చదివేవాళ్ల కళ్లకి ఋ కనపడితే చాలు, పని అయిపోయినట్టే. ఎప్పుడో ఒక రోజు లోపల ఏముందో కూడా చూస్తారని నేననుకోలేదు.

పాత సిస్టమ్ పోయింది. మొన్న పొద్దున నొక్కితే తెరుచుకోలేదు. కంప్యూటర్ డాక్టరు వచ్చి, మూత తీసి చూసి, మళ్లీ మూత పెట్టేశాడు. "ఇక దీన్ని ఇబ్బంది పెట్టొద్దమ్మా" అన్నాడు. బల్ల మీద దాని అడుగు ఉన్నంత మేర దుమ్ము లేకుండా తెల్లగా ఉంది. చూస్తే ఏదోలా ఉంది. పదకోశం అప్పటికే నీ దగ్గరికి వచ్చేసింది గనక సరిపోయింది.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు.

బాగాలేను. కుడి మణికట్టులో నరం నలిగిందట. వేళ్లు తిమ్మిరెక్కి ఏ మీట మీద ఉన్నాయో తెలియడం లేదు. వేసవి నుంచీ ఉంది. ఆసుపత్రి డాక్టరు కొట్టడం తగ్గించమన్నాడు. ఉత్తరాలు చిన్నవైంది అందుకే. సిస్టమ్ మారితే మళ్లీ నేర్చుకోవాలన్న విసుగొక్కటే కాదు, నేర్చుకునే చెయ్యి లేదేమోనన్న భయం. అది ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకీ చెప్పలేదు. నువ్వే చెప్పు, నాకు తిట్లు తినే ఓపిక లేదు.

చిన్న ఓనరుకి మాత్రం చెప్పాల్సి వచ్చింది. "కొట్టేవాళ్లు దొరుకుతారు ఆంటీ. తప్పు పట్టేవాళ్లే దొరకట్లేదు. పొద్దుటిపూట వచ్చి ప్రూఫులు చూడండి చాలు" అన్నాడు. చూస్తానన్నాను. మాస్టారి పుస్తకం అయ్యేదాకా అయితే తప్పకుండా చూస్తాను. ఆ తర్వాత ఏమిటో ఆలోచించలేదు. అలిసిపోయానమ్మా. ఇంత రాసినందుకు కూడా అలిసిపోయాను.

ఈ కొత్తదాంట్లో ఋకి వేరే మీట ఉంది. చిన్న ఓనరు చూపించాడు. ఒక్కసారి నొక్కితే వచ్చేసింది. వేలికి ఏమీ తెలియలేదు. చెరిపి చూశాను, ఒక్క దెబ్బకి మొత్తం పోయింది. మళ్లీ కొట్టాను. ప్రింటులో పాతదానికీ దీనికీ ఎవరూ తేడా కనిపెట్టలేరు, నువ్వూ నేనూ తప్ప.

ఇదిగో: ఋ.

పైకీ, లోపలా కూడా.

పిన్ని